కాగితం గాల్లో తేలకూడదంటే: డిజిటల్ స్క్రాప్‌బుక్‌లో నీడ, చిరుగు, పసుపు మరక

డిజిటల్ స్క్రాప్‌బుక్ పేజీలో (పాత ఫోటోలు, కాగితాలు స్కాన్ చేసి కంప్యూటర్‌లో అమర్చే పేజీ) కాగితం కాగితంలా అనిపించకపోతే చాలామంది ముందు గరుకు చూపించే కొత్త టెక్స్‌చర్ కోసం వెతుకుతారు. ఇంకో పేపర్ ప్యాక్ డౌన్‌లోడ్ చేస్తారు, దాని మీద ఇంకో బ్రష్ కొడతారు, అయినా పేజీ అలాగే ఉంటుంది. లోపం ఎక్కువసార్లు నీడలో ఉంటుంది, ఇంకా వెనక్కి వెళ్తే కొలతలో ఉంటుంది. ఫోటోషాప్‌కి గానీ, గింప్‌కి గానీ, బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీకి గానీ మనం పెట్టింది కాగితమని తెలీదు, దానికి అదొక రంగు నింపిన చదరం మాత్రమే. ఆ చదరం మందం ఎంత, వెలుగు ఏ పక్కనుంచి పడుతోంది, ఇన్నేళ్లలో దాన్ని ఏమేం తాకాయి, ఈ మూడూ మనమే చెప్పాలి. ఇవి తేల్చుకోకుండా ఫిల్టర్లు ఎన్ని వేసినా లాభం ఉండదు.

చెన్నైలో తెలుగువాళ్ల ఇళ్లలో ఈ పని తరచూ షష్టిపూర్తికో, యాభయ్యో పెళ్లిరోజుకో మొదలవుతుంది. అటక మీది పెట్టెలోంచి పాత సామానంతా బయటికొస్తుంది: నల్లకాగితాల ఆల్బమ్, మూలన స్టూడియో పేరు ఉబ్బెత్తుగా కొట్టిన మద్రాసు ఫోటోలు, మూలలకి పసుపు రాసిన శుభలేఖ, నెల్లూరు నుంచో ఒంగోలు నుంచో వచ్చిన ఇన్‌లాండ్ లెటర్. వీటిని స్కాన్ చేసి 12 అంగుళాల చదరం పేజీలోనో, కరిజ్మా ఆల్బమ్ (ఫోటోలు నేరుగా పేజీల మీదే అచ్చయ్యే పెళ్లి ఆల్బమ్) అయితే రెండు పేజీలు కలిసిన 12కి 36 అంగుళాల స్ప్రెడ్‌లోనో అమరుస్తారు. అవన్నీ నిజం కాగితాలే కాబట్టి వాటి పక్కన మనం తయారుచేసి పెట్టిన కాగితం ఏ మాత్రం తేడాగా ఉన్నా కన్ను ఇట్టే పట్టేస్తుంది.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంది. 12 అంగుళాల పేజీని అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున తీసుకుంటే 3600 పిక్సెళ్లు. అంగుళం అంటే 25.4 మిల్లీమీటర్లు, కాబట్టి ఒక పిక్సెల్ 0.085 మిల్లీమీటర్లు, మిల్లీమీటర్‌కి దాదాపు 12 పిక్సెళ్లు. జెరాక్స్ షాపుల్లో వాడే 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క) కాగితం మందం సుమారు 0.1 మిల్లీమీటర్, అంటే మన పేజీలో ఒక పిక్సెల్ కన్నా కొంచెం ఎక్కువ, అంతే. పెళ్లికార్డుకి వాడే 300 జీఎస్ఎం అట్ట తీసుకున్నా నాలుగు పిక్సెళ్ల దగ్గర ఆగుతుంది. వెలుగు 45 డిగ్రీల వాలులో పడితే నీడ పొడవు వస్తువు ఎత్తుతో సమానం. ఇప్పుడు డ్రాప్ షాడోలో (బొమ్మ వెనక నీడ వేసే ఎఫెక్ట్) డిస్టెన్స్, అంటే నీడ జరిగే దూరం, 20 పిక్సెళ్లు పెడితే ఏమైందో చూడండి, ఆ కాగితం పేజీకి అంటుకోలేదు, ఒకటిన్నర మిల్లీమీటర్ పైన గాల్లో నిలబడింది. చాలా పేజీల్లో ఫోటోలన్నీ ఎగురుతున్నట్టు ఉండేది ఇందుకే.

అలాగని ప్రతి కాగితానికీ ఒక్క పిక్సెల్ నీడ పెట్టమని కాదు. నిజం కాగితం ఎప్పుడూ పూర్తిగా చదునుగా ఉండదు, జిగురు రాయని చోట అంచు కాస్త లేస్తుంది, చెన్నై లాంటి సముద్రపు ఊళ్లో తేమకి ఇంకా లేస్తుంది. అందుకని పలచని కాగితానికి 3 నుంచి 6 పిక్సెళ్లు, అట్టకి 6 నుంచి 10, వెనక ఫోమ్ టేప్ ముక్క పెట్టి ఎత్తుగా అంటించినట్టు చూపించాలనుకుంటే 20 నుంచి 25 సరిపోతాయి. ఇక్కడ అంకెల కన్నా వరస ముఖ్యం. పేజీలో పలచనిదానికి తక్కువ, మందమైనదానికి ఎక్కువ నీడ ఉంటే చూసేవాళ్ల కన్ను ఆ తేడాని బట్టే ఏది కాగితం, ఏది అట్ట అని తేల్చుకుంటుంది. అన్నిటికీ ఒకే లేయర్ స్టైల్ (నీడ లాంటి ఎఫెక్ట్‌ల సెట్టింగులు) కాపీ చేసి అతికిస్తే ఈ తేడా మొత్తం పోతుంది, రిబ్బన్, బటన్, ఫోటో, కాగితం అన్నీ ఒకే మందంలో కోసిన స్టిక్కర్లయిపోతాయి.

ఫోటోషాప్ పాత వెర్షన్లలో డ్రాప్ షాడో తెరవగానే ఒపాసిటీ (నీడ ఎంత చిక్కగా ఉండాలన్నది) 75 శాతం, రంగు నలుపు, కోణం 120 డిగ్రీలు ఉండేవి. ఆ 75 శాతం నలుపే బోలెడన్ని పేజీలని పాడుచేసింది. ఇంట్లో పగటి వెలుగులో పడే నీడ అచ్చమైన నలుపు కాదు, కింద ఉన్న కాగితం రంగే కాస్త ముదురవుతుంది. క్రీమ్ రంగు కాగితం మీద నీడ ముదురు గోధుమరంగు వైపు, నీలం కాగితం మీద ముదురు నీలం వైపు ఉండాలి. పై లేయర్‌ని కింది రంగుతో కలిపి ముదురు చేసే మల్టిప్లై మోడ్ కొంతవరకు ఈ పని చేస్తుంది గానీ నలుపు ఇచ్చి మల్టిప్లై పెడితే బూడిదపూసినట్టు వస్తుంది, కింది కాగితం నుంచే రంగు ఎంచుకుని దాన్ని బాగా ముదురు చేసి 35–50 శాతం దగ్గర పెడితే తేడా కనిపిస్తుంది. నల్లకాగితాల ఆల్బమ్ పేజీ మీద మాత్రం ఇదేదీ పనిచేయదు. నలుపు మీద నీడ దాదాపు కనపడదు, నిజంలోనూ కనపడదు. అక్కడ ఫోటోని పేజీ నుంచి విడదీసేది ఫోటో అంచున కనిపించే సన్నని తెల్లటి మందం, అందుకని వెలుగు వచ్చే వైపు ఒకటి రెండు పిక్సెళ్ల లేత గీత ఇవ్వండి, నీడ పెంచుతూ పోకండి.

ఒక్క నీడతో ఇంకో చిక్కు కూడా ఉంది. కాగితం పేజీని తాకే చోట నీడ సన్నగా, చిక్కగా, అంచు తెగినట్టు ఉంటుంది, పైకి లేచిన చోట వెడల్పుగా, పలచగా, మసకగా ఉంటుంది. వెలుగు కిటికీ లాంటి పెద్ద చోటు నుంచి వస్తుంది కాబట్టి వస్తువు ఎంత లేస్తే నీడ అంచు అంత మసకబారుతుంది. లేయర్ స్టైల్ ఇచ్చే నీడ నాలుగు పక్కలా ఒకేలా ఉంటుంది, అందుకే అది ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా యంత్రం వేసినట్టే ఉంటుంది. దీనికి దారి, నీడని కాగితం నుంచి విడగొట్టడం. ఫోటోషాప్‌లో లేయర్ పక్కన ఉండే ఎఫ్ఎక్స్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి క్రియేట్ లేయర్ అంటే నీడ విడి లేయర్‌గా వస్తుంది. ఇక దాన్ని ఆకారం వంచే వార్ప్‌తో పట్టుకుని ఒక మూల కాస్త బయటికి లాగి, ఆ మూల వరకు బ్లర్ పెంచి, నడిమి అంచుని లోపలికి నెట్టేయొచ్చు. దాని కింద ఇంకో సన్నని చిక్కని నీడ ఉంచితే కాగితం పేజీని తాకుతున్నట్టు నిలబడుతుంది. ఇంత చేశాక కూడా ఒక పని మిగులుతుంది, చాలామంది ఇక్కడే ఆపేస్తారు: మూల లేచిందంటే కాగితం కూడా వంగిందని అర్థం, నీడ ఒక్కటే మారితే చాలదు. లేచిన మూల వెలుగు వైపు తిరిగితే కొంచెం తెల్లబడుతుంది, వంపు మొదలైన చోట లేత మసక చార పడుతుంది. పదిశాతం దాటని ఒక తెలుపు గ్రేడియంట్, ఒక ముదురు గ్రేడియంట్, అంతే కావాల్సింది.

కోణం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, పేజీ మొత్తానికి ఒకే వెలుగు. యూజ్ గ్లోబల్ లైట్ టిక్కు పెట్టి ఉంటే సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. ఇబ్బంది డౌన్‌లోడ్ చేసిన పూలు, క్లిప్పులు, ట్యాగుల్లో ఉంటుంది, వాటిలో నీడ బొమ్మతో కలిసిపోయి వస్తుంది, బొమ్మని తిప్పితే నీడ కూడా దానితో పాటు తిరిగిపోతుంది. అలాంటివి తిప్పకుండా వాడండి, లేదా నీడ లేనివే ఏరుకోండి.

ఇప్పుడు టెక్స్‌చర్. కొన్న ప్యాక్‌ల కన్నా సొంతంగా తీసుకున్న కాగితం ఎప్పుడూ బాగుంటుంది, ఎందుకంటే దాని కొలత మనకి తెలుసు. ప్యారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో పెళ్లికార్డుల, కాగితాల షాపులున్నాయి, అక్కడ రకానికొక షీట్ తెచ్చుకుంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. వాటిని ఫోన్‌తో తీసేటప్పుడు వెలుగు పక్కనుంచి, కాగితాన్ని రాసుకుంటూ పోయేంత వాలుగా పడాలి, అప్పుడే పీచుల ఎత్తుపల్లాలు కనిపిస్తాయి. చెన్నైలో మధ్యాహ్నం ఎండ దాదాపు నెత్తి మీద ఉంటుంది, ఆరుబయట పెట్టి తీస్తే కాగితం నున్నగా కనిపిస్తుంది. పొద్దున్నే తూర్పు కిటికీ పక్కన నేల మీద పెట్టి తీసినవి బాగా వస్తాయి. ఏ పక్కనుంచి వెలుగు పడిందో కాగితం వెనక బాణం గుర్తు వేసుకోండి, పేజీలో నీడల కోణం దానికి సరిపోవాలి.

అలా తీసిన ఫోటోని రంగు కాగితం మీద ఓవర్‌లేలోనో సాఫ్ట్ లైట్‌లోనో పెడితే చాలాసార్లు రంగు వెలిసిపోతుంది, లేకపోతే మురికిపడుతుంది, తప్పు టెక్స్‌చర్‌ది అనుకుని వదిలేస్తారు. ఈ రెండు మోడ్‌లలోనూ 50 శాతం బూడిదరంగు అంటే ఏ మార్పూ లేదని అర్థం. దానికన్నా లేతగా ఉన్న చోట కింది రంగు తేలుతుంది, ముదురుగా ఉన్న చోట దిగుతుంది. తెల్లకాగితం ఫోటో సగటున లేతగానే ఉంటుంది కాబట్టి మొత్తం రంగు పైకి వెళ్లిపోతుంది. రంగు తీసేసి హై పాస్ ఫిల్టర్ వేయండి, అది సగటుని ఆ 50 శాతం దగ్గరికి తెచ్చి పీచుల గరుకు ఒక్కటే మిగులుస్తుంది. అప్పుడు ఏ రంగు కాగితం మీద పెట్టినా రంగు రంగులానే ఉండి గరుకు మాత్రం చేరుతుంది. మల్టిప్లై సంగతి వేరు, అందులో మార్పు చేయనిది తెలుపు, అందుకే అది ఎప్పుడూ ముదురు చేయడమే గానీ లేత చేయదు.

కొలత మళ్లీ ఇక్కడ అడ్డొస్తుంది. పోస్టుకార్డు సుమారు 14 సెంటీమీటర్లకి 9, అంటే పేజీలో దాదాపు 1650కి 1060 పిక్సెళ్లు. ఏ4 షీట్ మొత్తం తీసిన టెక్స్‌చర్‌ని కుదించి దాని మీద పెడితే పీచులు సగానికి సన్నబడిపోతాయి, చిన్న ముక్కని పెద్దది చేసి పెడితే పోస్టుకార్డు గోనెసంచిలా కనిపిస్తుంది. అసలు సైజులోనే వాడి, ఎక్కువైంది కత్తిరించేయండి. రెండు కాగితాలకి ఒకే టెక్స్‌చర్ వాడాల్సి వస్తే వేరే వేరే చోట్ల నుంచి తీసుకోండి.

పాత ఫోటోల్లో తేనెపట్టు లాంటి గడుల గరుకు ఉన్న ప్రింట్లుంటాయి, స్కాన్ చేస్తే ఆ గడులు మెరిసి మొహాలు కనపడవు. ఫ్లాట్‌బెడ్ స్కానర్‌లో ఒకసారి మామూలుగా, ఇంకోసారి ఫోటోని 180 డిగ్రీలు తిప్పి స్కాన్ చేసి, రెండోదాన్ని తిరిగి తిప్పి మొదటిదాని మీద సరిగ్గా పెట్టి ఒపాసిటీ 50 చేస్తే రెండు వైపుల మెరుపులూ ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేసుకుంటాయి. బోలెడంత రీటచింగ్ పని తప్పుతుంది.

చిరిగిన అంచు దగ్గరికొస్తే, అందరూ చేసేది లాస్సోతో వంకరగా కోసి కింద తెల్ల కాపీ పెట్టడం. ఆలోచన మంచిదే, కాగితాన్ని బట్టి మారాలి. అచ్చు వేసిన కాగితం లోపల తెల్లగా ఉంటుంది, అందుకని చిరిగిన చోట ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల తెల్లపీచు బయటపడుతుంది, మన లెక్కలో 12 నుంచి 36 పిక్సెళ్లు, అదీ ఒకే వెడల్పున కాదు. ఖాకీ కాగితం చిరిగితే లోపలా ఖాకీయే. ఆల్బమ్ నల్లకాగితం గుజ్జులోనే రంగు కలిపి చేసింది, చింపినా నల్లగానే ఉంటుంది. దాని అంచుకి తెలుపు పెట్టామంటే అది నల్ల ఇంకు అచ్చు వేసిన తెల్లకాగితం అయిపోతుంది. పైగా ఒక కాగితాన్ని రెండుగా చింపితే ముందువైపు తెల్లంచు ఒక ముక్కకే ఎక్కువగా కనిపిస్తుంది, రెండో ముక్క తెలుపు వెనక్కి పోతుంది. ఒకే కాగితపు రెండు ముక్కలు పేజీలో ఎదురెదురుగా పెట్టినప్పుడు రెండిటికీ సమానంగా తెల్లంచు ఉంటే ఏదో తేడాగా అనిపించేది ఇందుకే.

చిరుగు దిశకి కూడా ఒక పద్ధతుంది. న్యూస్‌పేపర్ నిలువునా చింపితే తిన్నగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకరటింకరగా పోతుంది, ఇది అందరూ చూసిందే. మిల్లులో గుజ్జు కదిలే జల్లెడ మీద పరుచుకునేటప్పుడు పీచులు ఎక్కువగా యంత్రం నడిచే దిశలోకి తిరుగుతాయి, ఆ దిశ వెంట చిరుగు తేలిగ్గా సాగుతుంది, దానికి అడ్డంగా అయితే ప్రతి పీచునీ తెంపుకుంటూ పోవాలి. కాబట్టి ఒకే కాగితానికి రెండు పక్కలా చిరిగిన అంచులు ఇస్తుంటే నిలువుది కాస్త తిన్నగా, అడ్డంది గజిబిజిగా ఉండనివ్వండి. ఇదే పీచుల దిశ కాగితం ఎటు చుట్టుకోవాలో కూడా చెబుతుంది. తేమకి పీచు పొడవున కన్నా వెడల్పున ఎక్కువ ఉబ్బుతుంది, అందుకే ఉక్కపోతలో కాగితం ఒక దిశలోనే వంగుతుంది, నాలుగు మూలలూ సమానంగా లేవవు.

పాతబడిన కాగితం విషయంలో ఎక్కువగా కనిపించే పొరపాటు, నాలుగంచులా ఒకేలా గోధుమరంగు పూయడం. న్యూస్‌పేపర్ లాంటి చౌక కాగితంలో చెక్కలోని లిగ్నిన్ మిగిలిపోతుంది, గాలీ వెలుగూ తగిలే కొద్దీ అది రంగు మారుతుంది. అంటే గాలి ఎక్కడ తగిలిందో అక్కడే రంగు మారాలి. కుట్టు వేసిన వైపు అంచు తక్కువ పండుతుంది. ఏళ్ల తరబడి ఒక ఫోటో అంటించి ఉండి ఊడిపోయిన చోట ఫోటో సైజులో లేత చదరం మిగులుతుంది, చుట్టూ సెలోటేప్ జిగురు ముదురు మరకలు ఉంటాయి. ఆ లేత చదరం ఒక్కటి సరిగ్గా పెడితే ఏ ఓల్డ్ పేపర్ ప్యాక్ కన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది, ఎందుకంటే అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని చూసేవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది. 1970లు, 80ల నాటి కలర్ ప్రింట్లు ఎర్రబడినవి చాలా ఉంటాయి, పెట్టెలో చీకట్లో ఉన్నా ప్రింట్‌లోని సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) రంగు మిగతావాటి కన్నా ముందు తగ్గిపోవడం వల్ల వచ్చే ఎరుపు అది. దాని పక్కన పెట్టే కొత్త ఫోటోకి సెపియా పూసి పాతబరచాలనుకుంటే జత కుదరదు, ఆ ఎరుపే ఇవ్వాలి.

ఇక శుభలేఖ. తెలుగు పేజీల్లో అన్నిటికన్నా శ్రద్ధ పెట్టాల్సిన కాగితం ఇదే, రెడీమేడ్ ప్యాక్‌లలో అన్నిటికన్నా తక్కువ దొరికేదీ ఇదే. మూలలకి రాసిన పసుపుని పసుపురంగు బ్రష్‌తో గుండ్రంగా అద్దితే రంగు చుక్కలా ఉంటుంది గానీ పసుపులా ఉండదు. తడి పసుపు నునుపు లేని కాగితంలోకి ఇంకుతుంది, ఆరేటప్పుడు నీళ్లు అంచు వైపు లాక్కెళ్లడంతో మరక చుట్టూ కొంచెం ముదురు గీత పడుతుంది, మధ్యలో వేలి గీతలు మిగులుతాయి. మెరిసే పూత ఉన్న కార్డు మీద ఇంకదు, పైనే ఎండి పొడిగా రాలుతుంది. ఇదంతా బ్రష్‌తో తేవడం కన్నా తెల్లకాగితం మీద నిజంగా పసుపు రాసి, ఆరబెట్టి, స్కానర్ అద్దానికి మరక పట్టకుండా మధ్యలో పారదర్శక షీట్ పెట్టి స్కాన్ చేయడం నయం. లేత, ముదురు హద్దులు సరిచేసే లెవెల్స్‌లో తెలుపుని పూర్తి తెలుపు దాకా లాగి మల్టిప్లైలో పెడితే చుట్టూ ఉన్న కాగితం మాయమై మరక మాత్రం మిగులుతుంది. తెలుపు పూర్తిగా తెలుపు కాకపోతే స్కాన్ చదరం అంచు లీలగా కనిపిస్తుంది, అది ఒకసారి చూసుకోండి.

మెరూన్ రంగు కార్డు అయితే ఈ పద్ధతి ఎదురు తిరుగుతుంది. మల్టిప్లై ముదురు చేయడమే గానీ లేత చేయదని పైన చెప్పుకున్నాం కదా, మెరూన్ మీద పసుపు అందులో మునిగిపోతుంది. నిజం కార్డు మీద మాత్రం ఎండిన పసుపు పైనే నిలిచి మెరుస్తుంది. కాబట్టి అక్కడ నార్మల్ మోడ్‌లోనే ఉంచి, తెల్ల భాగాన్ని మాస్క్‌తో తీసేసి, మరక కింద ఒక పిక్సెల్ నీడ ఇవ్వాలి, పొడికి కూడా మందం ఉంటుంది కదా. కుంకుమ చుక్కకీ ఇదే లెక్క. కాలం సంగతి కూడా ఉంది. పసుపుకి రంగునిచ్చే కర్క్యుమిన్ వెలుగు తగిలితే వెలిసిపోతుంది, గోడకి తగిలించిన శుభలేఖ మీద లేతగా, పెట్టెలో మడిచి పెట్టినదాని మీద చిక్కగా ఉంటుంది. ఇలా చూసుకుంటే ఆ కార్డు ఇన్నేళ్లూ ఎక్కడ ఉందో కూడా మరక చెబుతుంది.

మడతలకి, బొమ్మలోని పిక్సెళ్లని పక్కకి జరిపే డిస్‌ప్లేస్ ఫిల్టర్ ఉంది. దీనికి బూడిదరంగు మ్యాప్ ఒకటి పీఎస్‌డీగా సేవ్ చేసి ఇవ్వాలి, మ్యాప్‌లో నడిమి బూడిదరంగు ఉన్న చోట ఏదీ కదలదు, నలుపు ఒక పక్కకి, తెలుపు ఇంకో పక్కకి జరుపుతుంది. స్కేల్ 100 అయితే అత్యధికంగా 128 పిక్సెళ్లు, 10 పెడితే 13 దాకా, అంటే మన పేజీలో సుమారు ఒక మిల్లీమీటర్, ఉత్తరం మడతకి అది చాలు. మ్యాప్‌ని ముందు బ్లర్ చేయకపోతే అక్షరాలు రంపపు పళ్లలా తెగుతాయి. ఇన్‌లాండ్ లెటర్ మడతలు ఒకటి లోపలికి, ఒకటి బయటికి ఉన్నప్పుడు వెలుగు పడే వైపులు కూడా మారాలి, ఒక మడతకి పై భాగం లేతగా ఉంటే ఎదురు మడతకి కింది భాగం లేతగా ఉండాలి. మడత గీత మీద అచ్చు ఊడి తెల్లగా ఉంటుంది, బాగా పాతదైతే దుమ్ము పట్టి నల్లగా ఉంటుంది, రెండూ ఒకే ఉత్తరంలో ఉండటం కూడా మామూలే.

చివరికి పేజీ ఎక్కడ చూస్తారన్నది తేల్చుకోవాలి. 3600 పిక్సెళ్ల పేజీని వాట్సాప్‌కో ఇన్‌స్టాగ్రామ్‌కో 1080కి కుదిస్తే ప్రతి కొలతా మూడో వంతు కన్నా తగ్గిపోతుంది. 5 పిక్సెళ్ల నీడ ఒకటిన్నర అవుతుంది, హై పాస్‌తో కష్టపడి తెచ్చిన పీచులు దాదాపు కనిపించవు, మిగిలినవి జేపెగ్ కుదింపులో పోతాయి. ప్రింట్‌కి సరిగ్గా ఉన్న పేజీ ఫోన్‌లో చప్పగా ఉండటానికి కారణం ఇదే, ఫోన్‌లో అందంగా ఉన్నది ప్రింట్‌లో నీడలతో బరువెక్కడానికీ ఇదే. అందుకని లేయర్లున్న ఫైల్‌ని రెండు కాపీలు చేసుకోండి, ప్రింట్ కాపీలో పైన చెప్పిన అంకెలు ఉంచి ల్యాబ్‌లో ముందు ఒక్క పేజీ వేయించి చూడండి, ముదురు రంగులు ప్రింట్‌లో ఇంకా ముదురైతే నీడ ఒపాసిటీ ఐదారు శాతం తగ్గించండి. పంపడానికి పెట్టుకున్న కాపీలో నీడల కొలతలు రెట్టింపు చేసి, టెక్స్‌చర్ బలం పెంచి, ఆ తరవాతే కుదించి ఎక్స్‌పోర్ట్ చేయండి.